స్క్రీన్‌ప్లే రచన: తెలుగు చలనచిత్రాల్లో పద్ధతులు, అలవాట్లు

నిర్వచనం, పరిధి

తెరమీద కనబడేదాన్నీ వినబడేదాన్నీ, అవి వచ్చే వరుసలోనే, వర్తమాన కాలంలో రాసి పెట్టిన పత్రం స్క్రీన్‌ప్లే. పాత టైటిల్ కార్డుల్లో దీన్ని చిత్రానువాదం అన్నారు, విమర్శకులు కథనం అంటారు. ఏం జరిగిందన్నది కథ. జరిగినదాంట్లో ఏది ముందు చూపాలి, ఏది దాచాలి, దాచినది ఏ పాత్రకు ముందు తెలియాలి, ప్రేక్షకుడికి ఎప్పుడు తెలియాలి అన్న నిర్ణయాల వరుస స్క్రీన్‌ప్లే. సంభాషణ అందులో ఒక భాగమే. తెలుగు చిత్రాల్లో ‘కథ’, ‘మాటలు’ అని రచయితల పేర్లు విడివిడిగా వేసి, ‘స్క్రీన్‌ప్లే, దర్శకత్వం’ అని రెండూ కలిపి దర్శకుడి పేరు వేయడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. దానివల్ల రచయిత అంటే మాటలు రాసేవాడని, స్క్రీన్‌ప్లే అంటే దర్శకుడి మనసులో ఉండేదని ఒక అభిప్రాయం స్థిరపడింది. పరిశ్రమ చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం సగమే నిజమని తేలుతుంది. తెలుగు సినిమా కథ మాట్లాడుకుంటూ పుడుతుంది, చెప్పి ఒప్పించడం ద్వారానే నిర్మాతకూ హీరోకూ చేరుతుంది. ఇది దాని బలం. కానీ నోటితో చెప్పినప్పుడు కప్పబడే లోపాలు కాగితం మీద పెట్టినప్పుడే బయటపడతాయి. దశాబ్దాల తర్వాత కూడా చూడదగినవిగా నిలిచిన చిత్రాలు చాలావాటి వెనక ఈ రెండో పని ఓపికగా జరిగింది.

చరిత్ర (చూ. సురభి నాటక సమాజం, వాహినీ, విజయా ప్రొడక్షన్స్)

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)కు హెచ్.ఎం.రెడ్డి దర్శకుడు. దానికి ఆధారం సురభి వారు ఆడుతున్న నాటకం. ఆ దశాబ్దంలో చాలా చిత్రాలకు రంగస్థల ప్రతే స్క్రీన్‌ప్లే. పద్యాలు, రంగాల విభజన, పాత్రల రాకపోకలు అన్నీ నాటకం నుంచి యథాతథంగా వచ్చేవి. ప్రేక్షకులకు కథ ముందే తెలుసు కాబట్టి, ఎప్పుడు ఏం తెలియజేయాలి అన్న ప్రశ్న అప్పటికి బలంగా ఎదురుకాలేదు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ (1938) సమకాలీన సాంఘిక సమస్యను ఎత్తుకున్నాక ఆ సౌకర్యం పోయింది. చలం కథకు తాపీ ధర్మారావు వాడుక భాషకు దగ్గరగా మాటలు రాశారు. తెలియని పాత్రలను పరిచయం చేయడం, వాళ్ల పరిస్థితిని సంభాషణలో నాటడం, ముగింపును నమ్మించడం రచయిత బాధ్యతలయ్యాయి. బి.ఎన్.రెడ్డి వాహినీ చిత్రాల్లో ఈ పని మరింత సూక్ష్మంగా సాగింది. ‘మల్లీశ్వరి’ (1951)కి మాటలు, పాటలు రెండూ దేవులపల్లి కృష్ణశాస్త్రి రాయడం వల్ల సంభాషణ ఆగిన చోట పాట అతికినట్టు కాకుండా సాగింపుగా వినిపిస్తుంది.

1950ల్లో నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన విజయా సంస్థలో స్క్రీన్‌ప్లే ఒక ప్రత్యేక విభాగంగా రూపుదిద్దుకుంది. ‘పాతాళ భైరవి’ (1951) కాశీ మజిలీ కథల నుంచి, ‘మిస్సమ్మ’ (1955) ‘మాన్‌మయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకం నుంచి, ‘గుండమ్మ కథ’ (1962) విఠలాచార్య కన్నడంలో తీసిన చిత్రం నుంచి వచ్చాయి. మూలం ఎక్కడిదైనా తెలుగు ఇంటి వరుసలకు, మాట తీరుకు తగ్గట్టు దాన్ని మొదటినుంచి మళ్లీ కట్టడం ఈ సంస్థ పద్ధతి. అరువు కథతో కూడా అసలైన స్క్రీన్‌ప్లే రాయవచ్చని ఈ చిత్రాలు నిరూపించాయి. రీమేకుల మీద తరచూ వచ్చే విమర్శను అంచనా వేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. కె.వి.రెడ్డి ‘పెద్దమనుషులు’ (1954) కోసం డి.వి.నరసరాజు ఇబ్సెన్ నాటకం ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ని ఆంధ్ర పట్టణంలోకి తెచ్చారు. అది నార్వే కథ అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

1960లు, 70ల్లో వారపత్రికల నవలలు స్క్రీన్‌ప్లేకు ప్రధాన ముడిసరుకయ్యాయి. కోడూరి కౌసల్యాదేవి నవలల నుంచి ‘డాక్టర్ చక్రవర్తి’ (1964), ‘ప్రేమనగర్’ (1971), యద్దనపూడి సులోచనారాణి నవలల నుంచి ‘మీనా’ (1973), ‘సెక్రటరీ’ (1976) వచ్చాయి. ఇదే కాలంలో ముళ్లపూడి వెంకటరమణ, బాపు జంట రచననూ దృశ్యాన్నీ ఒకే బల్ల మీద పెట్టింది. 1980ల్లో పరుచూరి సోదరుల సంభాషణలతో నాయకుడి చుట్టూ అల్లిన నాటకీయ నిర్మాణం బలపడింది. 1989లో రామ్‌గోపాల్ వర్మ ‘శివ’, తనికెళ్ల భరణి పొదుపైన మాటలతో, దృశ్యమే ముందు నడిచే పద్ధతిని జనాదరణలోకి తెచ్చింది. ‘స్వయంవరం’ (1999), ‘నువ్వే కావాలి’ (2000) చిత్రాల రచయిత త్రివిక్రమ్ శ్రీనివాస్ ‘నువ్వే నువ్వే’ (2002)తో దర్శకుడయ్యాక, రచయితే దర్శకుడు కావడం మామూలు దారి అయింది. ‘పెళ్లి చూపులు’ (2016) సంభాషణలకు తరుణ్ భాస్కర్‌కు, ‘చి ల సౌ’ (2018) స్క్రీన్‌ప్లేకు రాహుల్ రవీంద్రన్‌కు జాతీయ పురస్కారాలు రావడం ఈ దారిలో చెప్పుకోదగిన మలుపులు.

నిర్మాణ సూత్రాలు (చూ. పంచసంధులు, ఇంటర్వెల్)

స్క్రీన్‌ప్లే నేర్పే పుస్తకాల్లో ఎక్కువ ప్రచారం పొందినవి సిడ్ ఫీల్డ్ ‘స్క్రీన్‌ప్లే’ (1979), రాబర్ట్ మెక్కీ ‘స్టోరీ’ (1997). ఫీల్డ్ చెప్పిన మూడు అంకాల పద్ధతిలో పరిచయం, సంఘర్షణ, పరిష్కారం అనే భాగాలు, వాటి మధ్య కథ దిశ మార్చే రెండు మలుపులు ఉంటాయి. భరతుడి నాట్యశాస్త్రం ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అనే ఐదు సంధులను చెప్పింది. బీజం పడటం, కనబడీ కనబడకుండా ఉండటం, ఆశ కలగడం, ఆటంకంతో ఆ ఆశ సందేహంలో పడటం, ఫలం దక్కడం అన్న క్రమం వీటిలో ఉంది. రెండు పద్ధతులనూ ఎదురెదురుగా నిలబెట్టి ఏది మనదని వాదించడం వల్ల రచయితకు ఒరిగేది తక్కువ. రెండూ అడిగేది ఒక్కటే: మొదట నాటినది చివరిదాకా పనిచేస్తోందా?

‘మిస్సమ్మ’ను ఈ ప్రశ్నతో చూడవచ్చు. అప్పాపురం జమీందారు తన పాఠశాలకు దంపతులైన ఉపాధ్యాయులు కావాలంటాడు. ఉద్యోగం లేని హిందూ యువకుడు, అప్పుల బాధలో ఉన్న క్రైస్తవ యువతి మేరీ భార్యాభర్తలమని అబద్ధం చెప్పి చేరతారు. బీజం ఆ అబద్ధమే. ఆ తర్వాత వచ్చే ప్రతి ముఖ్య సన్నివేశం దాని నుంచే పుడుతుంది. జమీందారు దంపతులు మేరీని తప్పిపోయిన తమ కూతురి పేరుతో పిలిచి ఆప్యాయత చూపితే ఆమెకు చిరాకు. యజమాని చిన్న కూతురికి సంగీతం నేర్పే ‘భర్త’ మీద ఆమెకు లేనిపోని అసూయ. అప్పిచ్చిన డేవిడ్ ఊడిపడితే అంతా బయటపడుతుందన్న భయం. మరోవైపు డిటెక్టివ్ రాజు కాలి మీది మచ్చను బట్టి తప్పిపోయిన పిల్ల కోసం వెతుకుతుంటాడు. మేరీయే ఆ పిల్ల అని ప్రేక్షకుడు పసిగడతాడు, ఆమెకు మాత్రం తెలియదు. హాస్యం, కుటుంబ బంధం, మతాల మధ్య దూరం అనే మూడు పోగులూ ఒకే అబద్ధానికి ముడిపడి ఉండటం వల్ల, ఏ సన్నివేశం తీసేసినా మిగతాది కుంటుతుంది. రాసినదాన్ని పరీక్షించుకోవడానికి రచయితకు ఇంతకంటే మంచి కొలత అరుదు. ఒక సీను తీసేసి చూడాలి. కథకు ఏ నష్టమూ లేకపోతే ఆ సీనుకు అక్కడ చోటు లేదు.

భారతీయ చిత్రానికి ప్రత్యేకమైన రెండు అంశాలు ఇంటర్వెల్, పాట. విశ్రాంతి వల్ల కథ రెండు సగాలుగా విడుతుంది కాబట్టి, మొదటి సగం చివర ప్రేక్షకుడిని తిరిగి సీట్లోకి రప్పించే మలుపు పడాలి. పరిశ్రమలో దీన్నే ఇంటర్వెల్ బ్యాంగ్ అంటారు. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, బలమంతా ఆ మలుపులో పెట్టి, అది లేవనెత్తిన ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోకపోవడం. సెకండాఫ్ తేలిపోయిందన్న మాట తెలుగు సమీక్షల్లో అంత తరచుగా వినబడటానికి ఇదొక ముఖ్య కారణం. పాట విషయానికి వస్తే, పాటకు ముందు పాత్ర ఎక్కడుందో పాట అయ్యాక కూడా అక్కడే ఉంటే, ఆ నాలుగైదు నిమిషాలు కథ నడక ఆగినట్టే.

రచన దశలు (చూ. కథా చర్చ, సీన్ ఆర్డర్, నెరేషన్)

పరిశ్రమ పరిభాషలో మొదటి మెట్టు ‘లైన్’ లేదా ‘పాయింట్’. రెండు మూడు వాక్యాల్లో చెప్పగలిగే కథాబీజం ఇది. తర్వాత దర్శకుడు, రచయితలు, సహాయకులు కూర్చుని చేసే కథా చర్చలు, అంటే సిటింగ్స్, వారాలో నెలలో సాగుతాయి. చర్చల్లో తేలినదాన్ని ఒక్కో సీనుకు రెండు మూడు పంక్తుల చొప్పున వరుసగా రాస్తే సీన్ ఆర్డర్. దాన్ని సంభాషణ లేకుండా, చర్యలతో విస్తరిస్తే ట్రీట్‌మెంట్. ఆపైన డైలాగ్ వెర్షన్. అన్నీ కలిపి కుట్టిన ప్రతి బౌండ్ స్క్రిప్టు. తెలుగు స్క్రిప్టుల్లో పేజీని నిలువునా రెండుగా విడదీసి ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు రాయడం చాలాకాలం నడిచిన పద్ధతి. హాలీవుడ్ నమూనాలో మాత్రం పేజీ మధ్యలో సంభాషణ వస్తుంది, ఒక పేజీకి సుమారు ఒక నిమిషం లెక్క. రెండు వరుసల పద్ధతిలో ఒక మేలుంది. ఎడమ గడి ఖాళీగా, కుడి గడి నిండుగా ఉన్న పేజీ కంటికి వెంటనే తెలిసిపోతుంది, అక్కడ కెమెరాకు పని లేదని హెచ్చరిస్తుంది.

ఈ మెట్లన్నిటి మీదుగా నెరేషన్ నడుస్తుంది. నిర్మాతకు, హీరోకు, కొన్నిసార్లు పంపిణీదారుడికి కథ నోటితో చెప్పి ఒప్పించడం తెలుగు పరిశ్రమలో తప్పనిసరి నైపుణ్యం. హరికథ, బుర్రకథ విన్న సమాజంలో ఇది సహజంగా పెరిగింది. నెరేషన్‌కు నిజమైన ప్రయోజనం ఉంది. విసుగు పుట్టిన క్షణం ఎదుటివాడి ముఖంలో అప్పటికప్పుడు కనబడుతుంది, నవ్వు పడాల్సిన చోట పడుతుందో లేదో తెలుస్తుంది. ఏ కాగితమూ ఇవ్వలేని సమాచారం అది. అయితే చెప్పేవాడి గొంతు కథలోని లోటును పూడుస్తుంది. ‘ఇంతలో’ అని ఒక్క మాటతో అతను దాటేసినదానికి కాగితం మీద ఒక సీను కావాలి. ఆ మనిషి ఎందుకు వచ్చాడు, ఎలా వచ్చాడు, ఇప్పుడే ఎందుకు రావాలి అన్నదానికి కారణం కావాలి. ‘హీరో లోపల కుమిలిపోతుంటాడు’ అని చెబితే వినేవాడు తలూపుతాడు. రాసేటప్పుడు మాత్రం ఆ కుమిలిపోవడం చేతిలో ఏముంది, ముఖం ఎటుంది, ఎవరు చూస్తున్నారు అన్న వివరాలుగా మారాలి. నేపథ్య సంగీతాన్ని కూడా చెప్పేవాడే నోటితో పలికిస్తాడు. వినేవాడు ఆ ధ్వనికి ఉలిక్కిపడి, ఉలిక్కిపడింది సన్నివేశానికే అనుకుంటాడు. కాబట్టి నెరేషన్‌లో మెప్పు పొందిన కథను తిరిగి సీన్ ఆర్డరుగా రాసి, మెప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోవడం రచయితకు అవసరమైన అలవాటు.

ఇందుకు సులువైన పరీక్షను అమెరికన్ రచయితలు ట్రే పార్కర్, మాట్ స్టోన్ ప్రచారంలోకి తెచ్చారు. రెండు సీన్ల మధ్య ‘ఆ తర్వాత’ అన్న మాట మాత్రమే సరిపోతుంటే అనుమానించాలి. ‘అందుకని’ గానీ ‘కానీ’ గానీ సరిపోతే కథ కదులుతోందని అర్థం. సీన్ ఆర్డర్ చేతిలో ఉంటే ఈ పరీక్షకు ఒక గంట చాలు. నోటి కథకు ఈ పరీక్ష పెట్టలేం, ఎందుకంటే చెప్పిన ప్రతిసారీ అతుకు మాట మారిపోతుంది.

కె.వి.రెడ్డి పద్ధతి (చూ. మాయాబజార్, పింగళి నాగేంద్రరావు)

కాగితం పనిని తెలుగులో అత్యంత క్రమశిక్షణతో చేసిన దర్శకుడిగా కె.వి.రెడ్డి పేరు చెబుతారు. షూటింగ్‌కు ముందే పూర్తి స్క్రిప్టు సిద్ధం చేసుకోవడం, నటులతో రిహార్సల్ చేయించి స్టాప్‌వాచీతో సీను నిడివి కొలవడం, ఆ కొలతకు లోబడే చిత్రీకరించడం ఆయన పద్ధతులు. దీని వెనక ఆర్థిక కారణం ఉంది. 35 ఎం.ఎం. ఫిలిం నిమిషానికి 90 అడుగుల చొప్పున కెమెరాలో తిరుగుతుంది. మూడు గంటల చిత్రం అంటేనే 16,200 అడుగులు. అనవసరంగా తీసిన ప్రతి సీను ముడి ఫిలిం, ప్రాసెసింగ్, స్టూడియో అద్దె అన్నిటినీ తినేస్తుంది. కానీ ఆర్థిక కారణంతో మొదలైన క్రమశిక్షణ కళాపరమైన ఫలితాన్నీ ఇచ్చింది. నిడివి ముందే తెలిసినప్పుడు ఏది వదలాలన్న నిర్ణయం ఎడిటింగ్ గదికి వాయిదా పడదు, రాసే బల్ల మీదే జరుగుతుంది.

అలాంటి నిర్ణయాలకు నిలువెత్తు ఉదాహరణ ‘మాయాబజార్’ (1957). మహాభారత పాత్రలతో నడిచే ఈ చిత్రంలో పాండవులు తెరమీద కనబడరు. అభిమన్యుడి పెళ్లి కథలో అతని తండ్రే లేకపోవడం మామూలుగా చూస్తే పెద్ద లోటు. కానీ పాండవులు వస్తే కథ జూదం, వనవాసం, యుద్ధం వైపు లాగబడుతుంది. వాళ్లను పక్కన పెట్టడం వల్ల బలరాముడి ఇంటి పెళ్లి గొడవ కథ కేంద్రంలో నిలిచింది. పురాణం కాస్తా తెలుగు మధ్యతరగతి పెళ్లింటి కథగా మారింది. ఇచ్చిన మాట తప్పడం, డబ్బున్న సంబంధం కోసం పాత సంబంధాన్ని వదలడం, ఆడపెళ్లివారి హడావిడి, విడిదింటి మర్యాదలు అన్నీ ప్రేక్షకులు తమ ఇళ్లలో చూసినవే. ప్రియదర్శిని పెట్టె మరో ఉదాహరణ. మూత తీసిన వారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. ఒక వస్తువుతో పాత్రల మనసులు వరుసగా బయటపడతాయి. ఎవరి గురించీ ఎవరూ వివరించనక్కరలేదు. కొత్త రచయితలు పాత్ర పరిచయం కోసం పేజీలకొద్దీ సంభాషణ రాస్తున్నప్పుడు ఈ ఒక్క సన్నివేశాన్ని శ్రద్ధగా చదవడం మేలు.

కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1987లో ‘పుష్పక విమానం’ను ఒక్క సంభాషణ కూడా లేకుండా తీశారు. మాటలు లేని చిత్రానికీ స్క్రీన్‌ప్లే ఉంటుంది. నిజానికి మరింత కచ్చితంగా ఉండాలి, ఎందుకంటే దృశ్యంలో తెలియనిదాన్ని మాటతో సర్దిచెప్పే వీలు అక్కడ లేదు.

సంభాషణ (చూ. మాటల రచయిత)

సంభాషణకు తెలుగు ప్రేక్షకులు ఇచ్చే స్థానం పెద్దది. పంచ్ డైలాగు, ప్రాసమాట, చమత్కారం హాలు బయట కూడా బతుకుతాయి. వీటిని చిన్నచూపు చూడటం న్యాయం కాదు. పింగళి, నరసరాజు, ముళ్లపూడి, జంధ్యాల రాసిన మాటలు చమత్కారంతోపాటు పాత్రను కూడా పట్టిచ్చాయి. పరీక్ష అక్కడే ఉంది. పేర్లు చెరిపేసి చదివితే మాటను బట్టి మనిషి తెలియాలి. గుంటూరు రైతు, కరీంనగర్ ఉపాధ్యాయుడు, హైదరాబాదు పాతబస్తీ వ్యాపారి ఒకే తీరున మాట్లాడితే అది రచయిత గొంతే. ఒక ప్రాంతపు మాటను హాస్యగాడికో విలనుకో మాత్రమే అంటగట్టడం దశాబ్దాల పాటు తెలుగు చిత్రాల్లో సాగింది. తెలంగాణ, శ్రీకాకుళం యాసల్లో కథానాయకులు మాట్లాడే చిత్రాలు పెరగడం ఈ మధ్య కాలపు ఆరోగ్యకరమైన మార్పు.

సృజన అలవాట్లు (చూ. స్టోరీబోర్డు, సమష్టి రచన)

దర్శకుల, రచయితల అలవాట్లు ఒకదానికొకటి పోలిక లేనంత వైవిధ్యంగా ఉంటాయి. బాపు చిత్రీకరణకు ముందే షాట్లను బొమ్మలుగా వేసుకునేవారు. చిత్రకారుడికి బొమ్మే ఆలోచన కాబట్టి ఆయనకు స్టోరీబోర్డు అంటే రాయడంలో ఒక రూపమే. సత్యజిత్ రాయ్ ఎర్రగుడ్డ అట్టల నోటు పుస్తకాల్లో సంభాషణలు, దుస్తులు, సెట్ల కొలతలు, సంగీతపు ముక్కలు అన్నీ కలిపి రాసుకునేవారు. ఆచార్య ఆత్రేయ ఆలస్యానికి పేరుపడ్డారు. రాయకుండా నిర్మాతలను, రాసి ప్రేక్షకులను ఏడిపిస్తారన్న మాట పరిశ్రమలో ఆయన గురించి స్థిరపడింది. ఈ నానుడిని వాయిదా వేయడానికి సమర్థనగా వాడుకునేవారు, ఆత్రేయ ఆలస్యంగా ఇచ్చినా ఇచ్చినది మార్చనక్కరలేనంత పక్వంగా ఉండేదన్న రెండో సగాన్ని మరిచిపోతుంటారు.

సమష్టి రచనకు జపాన్‌లో అకిరా కురొసావా బృందం మంచి నమూనా. ‘సెవెన్ సమురాయ్’ (1954) కోసం కురొసావా, షినోబు హషిమోతో, హిదేవో ఒగుని ఒక సత్రంలో వారాల తరబడి ఉండిపోయారు. కురొసావా, హషిమోతో ఒకే సీనును విడివిడిగా రాస్తే, ఒగుని ఏది నిలుస్తుందో చెప్పేవారు. మద్రాసు, హైదరాబాదు హోటలు గదుల్లో జరిగే తెలుగు సిటింగ్స్ పైకి దీనిలాగే కనిపిస్తాయి. ముఖ్యమైన తేడా రాయడంలో ఉంది. అక్కడ వాదన కాగితాల మధ్య జరిగింది. ఇక్కడ చాలాసార్లు గొంతుల మధ్య జరుగుతుంది, గట్టిగా చెప్పినవారి ఆలోచన నిలుస్తుంది. చర్చ చివర ప్రతి ఒక్కరూ ఆ సీనును అరపేజీ రాసి ఇవ్వాలన్న చిన్న నియమం పెట్టుకుంటే, కొత్త సహాయకుడి ఆలోచనకు కూడా సీనియర్ మాటతో సమానంగా వినబడే అవకాశం వస్తుంది. ఇన్ని భిన్నమైన అలవాట్లలో ఉమ్మడిగా కనబడేది ఒక్కటే: ఆలోచనను తలలోంచి తీసి, తాము కాక మరొకరు కూడా చూడగలిగే రూపంలో పెట్టడం. అది రాత కావచ్చు, బొమ్మ కావచ్చు, టేపు మీది గొంతు కావచ్చు.

అభ్యంతరాలు, సమాధానాలు

బౌండ్ స్క్రిప్టు లేకుండానే విజయవంతమైన చిత్రాలు ఎన్నో వచ్చాయన్నది మొదటి అభ్యంతరం. ఉదయం సెట్లో సీన్ పేపరు చేతికొచ్చి సాయంత్రానికి తీసేసిన చిత్రాలు కూడా ఆడాయి. ఇది కాదనలేని నిజం. అయితే అలా ఆడిన వాటిని మాత్రమే మనం గుర్తుంచుకుంటాం. అదే పద్ధతిలో తీసి మధ్యలో ఆగిపోయినవి, రీషూట్లతో ఖర్చు పెరిగినవి, విడుదలై మాయమైనవి లెక్కలోకి రావు. ఆడిన వాటిలోనూ కథ మొత్తం ఒకే దర్శకుడి మనసులో సీను సీనుగా కట్టుబడి ఉన్న సందర్భాలు ఎక్కువ. అక్కడ కాగితం లేదు గానీ, కాగితం చేసే పని జరిగింది. ఆ దర్శకుడికి జ్వరం వచ్చిన రోజు ఆ సినిమా ఎవరికీ తెలియదన్న ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ముందే అంతా రాసేస్తే సెట్లో పుట్టే జీవం చచ్చిపోతుందని చాలామంది దర్శకులు నిజాయితీగా నమ్ముతారు. ‘పథేర్ పాంచాలి’ (1955)కి పూర్తి స్క్రిప్టు లేదు. రాయ్ దగ్గర ఉన్నవి నోట్సు, బొమ్మలు. వాంగ్ కార్-వాయ్ ‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’ (2000)ను స్థిరమైన స్క్రిప్టు లేకుండా, వెతుక్కుంటూ, దాదాపు 15 నెలలు చిత్రీకరించారు. రెండూ గొప్ప చిత్రాలే. కానీ రాయ్ ఆ నవల పిల్లల ప్రతికి ముందే బొమ్మలు వేసి ఉన్నారు, బిభూతిభూషణ్ నవల వెన్నెముకలా ఉంది. వాంగ్ దగ్గర స్క్రిప్టుకు బదులు కాలం ఉంది. కాల్షీట్లు రోజుల లెక్కన దొరికే పరిశ్రమలో ఆ పద్ధతిని అనుకరించేవారికి వాంగ్ స్వేచ్ఛ దక్కదు, తొందర మాత్రమే దక్కుతుంది. పైగా రాసి ఉన్నదాన్ని సెట్లో మార్చకూడదన్న నియమం ఎక్కడా లేదు. మంచి నటుడు రిహార్సల్‌లో ఇచ్చిన మార్పు కథకు మేలో కీడో తేల్చడానికి, మార్చకముందు ఏముందో తెలిసి ఉండాలి.

స్టార్ల చిత్రాల్లో కథ ఎలాగూ ఇమేజికి లొంగాలి, ఇంత శ్రమ దేనికన్నది మూడోది. ‘గుండమ్మ కథ’లో ఎన్.టి.రామారావు నిక్కరు, చొక్కా వేసుకుని ఇంటి పనివాడిగా ప్రవేశిస్తారు. రుబ్బురోలు దగ్గర కూర్చుంటారు. నాగేశ్వరరావుకు, ఆయనకు సరిసమానమైన దారులు వేసి, రెండూ ఒకే ఇంట్లో కలిసేలా కట్టారు. టైటిల్ పాత్ర మాత్రం సూర్యకాంతానిది. స్టార్ల పరిమితి ఆ స్క్రీన్‌ప్లేకు మొదటి పేజీ నుంచీ తెలిసిన షరతు. ముందే తెలిసిన షరతును రచయిత కథలో కలుపుకోగలడు. షూటింగ్ మధ్యలో వచ్చి పడిన షరతే కథను విరగ్గొడుతుంది. డిజిటల్ కెమెరా వచ్చాక ముడి ఫిలిం ఖర్చు లేదు కాబట్టి పాత పొదుపు అనవసరమన్న వాదన కూడా ఉంది. ఫిలిం ఖర్చు పోయింది, కాల్షీటు, సెట్టు, గ్రాఫిక్స్ ఖర్చులు పెరిగాయి. గ్రాఫిక్స్ షాటు వివరాలు నెలల ముందే తేల్చకపోతే పని మొదలే కాదు. ఆ రకంగా కొత్త సాంకేతికత కె.వి.రెడ్డి పద్ధతినే మళ్లీ కోరుతోంది.

హక్కులు, నమోదు (చూ. కాపీరైట్ చట్టం, 1957)

భారత చట్టంలో ఆలోచనకు కాపీరైటు లేదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంది. ‘హమ్ హిందుస్తానీ’ నాటక రచయిత ఆర్.జి.ఆనంద్, ‘న్యూ ఢిల్లీ’ (1956) చిత్రం తన నాటకానికి నకలని వేసిన దావాలో సుప్రీంకోర్టు 1978లో ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది. ఇతివృత్తం ఒకటే అయినా, దాన్ని నడిపిన తీరు వేరైతే ఉల్లంఘన కాదని తీర్పు. నిర్మాతల ఆఫీసుల్లో లైన్ చెప్పి వచ్చే రచయితలకు దీని ప్రభావం నేరుగా తగులుతుంది. రెండు వాక్యాల పాయింటుకు రక్షణ దాదాపు ఉండదు. సీన్ల వరుస, పాత్రల మలుపులు, సంభాషణలు ఉన్న ట్రీట్‌మెంటుకో స్క్రిప్టుకో పోల్చి చూపే ఆధారం ఉంటుంది. కాపీరైటు రచనతోనే పుడుతుంది, దానికి నమోదు తప్పనిసరి కాదు. అయినా ఏ తేదీ నాటికి ఏం రాసి ఉందో చూపడానికి రచయితల సంఘాల్లోనో కాపీరైట్ కార్యాలయంలోనో నమోదు చేయిస్తారు. నెరేషన్‌కు వెళ్లేముందే, సారాంశంతో సరిపెట్టకుండా కనీసం పూర్తి సీన్ ఆర్డరును నమోదు చేయించుకోవడం మంచిది. చర్చల్లో కథ మారిన కొద్దీ కొత్త ప్రతిని కూడా తేదీ వేసి భద్రపరచుకోవాలి. 2012 సవరణ తర్వాత, సినిమాలో చేరిన సాహిత్య, సంగీత రచనలను థియేటర్ ప్రదర్శనకు వెలుపల వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉంటుంది, ఒప్పందంలో రాసినా ఆ హక్కును వదులుకోవడం చెల్లదు. ఈ నిబంధన ఎక్కువగా పాటల విషయంలోనే చర్చకు వస్తోంది. కథ, మాటల రచయితలతో చేసుకునే ఒప్పందాల్లో దాన్ని ఎలా ప్రస్తావించారో సంతకానికి ముందే చదువుకోవడం అవసరం.